లఫారో పోయాక బిల్ ఎవాన్స్: మూన్ బీమ్స్‌ని మనం తక్కువ చేసి చూస్తున్నామా?

గోదారిగట్టు:
జాజ్ పియానిస్టు బిల్ ఎవాన్స్ మాట ఎక్కడ వచ్చినా చర్చ తిరిగి తిరిగి రెండు ఆల్బమ్‌ల దగ్గరే ఆగిపోతుంది. ఒకటి సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్, రెండోది వాల్ట్జ్ ఫర్ డెబీ. రెండూ 1961 జూన్ 25న, న్యూయార్క్‌లో ఒకే క్లబ్బులో ఒకే రోజు రికార్డయ్యాయి. వాటి గొప్పతనం మీద నాకు పేచీ లేదు. కానీ మరుసటి ఏడాది ఆయన స్టూడియోలో చేసిన మూన్ బీమ్స్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరేంటి? ఎవర్ని అడిగినా "బాగానే ఉంటుంది, కానీ లఫారో లేడుగా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఎవాన్స్ ట్రయోలో, అంటే పియానో, బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురి బృందంలో, బేస్ (లోతైన స్వరాల పెద్ద తీగవాద్యం) వాయించిన స్కాట్ లఫారో ఆ వాన్‌గార్డ్ రికార్డింగ్ అయిన 11 రోజులకే, 1961 జూలై 6న కారు ప్రమాదంలో చనిపోయాడు. 25 ఏళ్ళు అతనికి. ఆ దెబ్బకి ఎవాన్స్ కొన్ని నెలలపాటు పియానో దగ్గరికే సరిగ్గా వెళ్ళలేదంటారు. 1962 మే, జూన్ నెలల్లో చక్ ఇజ్రాయెల్స్‌ని బేస్ మీద పెట్టుకుని, పాత డ్రమ్మర్ పాల్ మోషియన్‌తోనే మళ్ళీ ట్రయోగా స్టూడియోలో కూర్చున్నాడు. అందులోంచి వచ్చినదే మూన్ బీమ్స్. ఎనిమిది ట్రాకులు, చాలావరకు నెమ్మదిగా నడిచేవే. నా మాట ఏంటంటే, ఇది లఫారో లేని లోటుతో చేసిన ఆల్బమ్ కాదు, ఆ లోటుని దాచకుండా దాని మీదే కట్టిన ఆల్బమ్. మీరేమంటారు?

బేస్‌తీగ:
అన్నా, నేను బేస్ వాయిస్తాను కాబట్టి నా చెవి ముందు అటే పోతుంది, మొహమాటం లేకుండా చెప్తున్నా. మూన్ బీమ్స్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ 1959 చివర్నుంచి 61 మధ్యదాకా ఆ ముగ్గురూ కలిసి చేసిన పని వేరే స్థాయి. అంతకు ముందు బేసిస్టు అంటే నాలుగు బీట్లూ తప్పకుండా నడిపించి పునాది చూసుకునే మనిషి. లఫారో ఆ పని పక్కన పెట్టి పియానోతో మాటకి మాట కలిపాడు, ఎవాన్స్ ఒక వాక్యం అంటే మధ్యలో దూరి ఇంకో వాక్యం అన్నాడు. గ్లోరియాస్ స్టెప్ వినండి, ఆ ట్యూన్ కూడా అతనిదే. తీగల్ని బోర్డుకి బాగా దగ్గరగా దించి పెట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో గిటార్ వాయించినంత వేగంగా లాగేవాడు.

ఇజ్రాయెల్స్ దగ్గరికి వచ్చేసరికి ఏం జరిగింది? బేస్ మళ్ళీ కిందికి దిగిపోయింది. స్వరం గుండ్రంగా, నిండుగా ఉంటుంది, శృతి శుద్ధంగా ఉంటుంది, కానీ సంభాషణ ఆగిపోయింది. ముందుకు వెళ్ళిన బండి వెనక్కి వచ్చినట్టే కదా. ఆల్బమ్ మొత్తం నెమ్మది పాటలే పెట్టడం కూడా నాకు జాగ్రత్తపడటంగానే కనిపిస్తుంది.

పాతరికార్డులు:
నెమ్మది పాటల సంగతి కాస్త సరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే మొత్తం వాదన దాని మీదే నిలబడుతోంది. ఆ మే, జూన్ సెషన్లలో ట్రయో వాయించింది నెమ్మది పాటలు మాత్రమే కాదు. ఒక ఆల్బమ్ అంతా బ్యాలడ్లతో, అంటే నెమ్మది పాటలతో, నింపాలన్నది నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ ఆలోచన. అయితే రోజంతా కూర్చుని వరసగా బ్యాలడ్లే వాయిస్తే వాయించేవాళ్ళకి నీరసం వచ్చేస్తుందని, మధ్య మధ్యలో వేగంగా నడిచే ట్యూన్లు కూడా రికార్డు చేశారు. తర్వాత నెమ్మదివి ఒక పక్కకి, వేగంవి ఇంకో పక్కకి విడదీశారు. మొదటిది మూన్ బీమ్స్, రెండోది హౌ మై హార్ట్ సింగ్స్. ఈ రెండోది బజారులోకి వచ్చింది 1964లో. అంటే ఒకే బ్యాండు, అవే రోజులు, ఒకే మనఃస్థితి, రెండు డిస్కులు. వాకింగ్ అప్ అనే ట్యూన్ మూన్ బీమ్స్ బ్యాలడ్ల మధ్యలో ఎక్కడో వాయించారని తెలిశాక "జాగ్రత్తపడ్డారు" అన్న మాట నాకైతే నప్పదు.

ఇంకోటి, ఎవాన్స్ లఫారో పోయిన దగ్గర్నుంచి ఒకేసారి ఈ ఆల్బమ్‌కి దూకలేదు. 1961 డిసెంబరులో ఫ్లూటిస్టు హెర్బీ మాన్‌తో నిర్వాణ అనే ఆల్బమ్ సెషను చేశాడు, అక్కడ కూడా ఇజ్రాయెల్స్, మోషియన్లే ఉన్నారు. 62 మొదట్లో ట్యాడ్ డామెరాన్ పెద్ద బృందంతో చేసిన ద మ్యాజిక్ టచ్‌లో పియానో కుర్చీలో కూర్చున్నాడు. గిటారిస్టు జిమ్ హాల్‌తో ఇద్దరే కూర్చుని అండర్‌కరెంట్ చేశాడు, అందులో బేసూ లేదు, డ్రమ్సూ లేవు. ఇది వరసగా చూడండి. ముందు వేరే వాళ్ళ బ్యాండులో, తర్వాత ఒక్క తోడుతో, ఆ తర్వాతే సొంత ట్రయో. మనిషి మెల్లిగా బయటికి వస్తున్నాడు.

గోదారిగట్టు:
పాతరికార్డులు గారూ, డామెరాన్ సంగతి ఎత్తారు కాబట్టి, మూన్ బీమ్స్‌లో ఉన్న ఇఫ్ యూ కుడ్ సీ మీ నౌ అనే పాట డామెరాన్ రాసిందే. గాయని సారా వాన్ కోసం 1946లో. మ్యాజిక్ టచ్‌లో కూడా అదే పాట ఉంది, అక్కడ ఒక గాయని పాడుతుంటే వెనకాల ఎవాన్స్ ఉంటాడు. కొద్ది నెలల్లోపే అదే పాట సొంత బ్యాండులో వాయించాడన్నమాట. నువ్వు ఇప్పుడు నన్ను చూడగలిగితే, అని మొదలయ్యే పాటని ఆ ఏడాది ఆయన ఎంచుకున్నాడంటే నేను ఊరికే యాదృచ్ఛికం అనుకోలేను. ఆయన నోటితో చెప్పాడని కాదు, వింటే నాకు అలా అనిపిస్తుంది.

నిద్రపట్టనిశ్రోత:
కొత్తవాడిని, కాస్త ఓపికగా చెప్పండి. బేస్ కిందికి దిగిపోయింది, పునాది అంటున్నారు. మామూలు శ్రోతకి ఆ తేడా ఎక్కడ వినిపిస్తుంది? నేను రెండు ఆల్బమ్‌లూ విన్నాను, రెండూ ప్రశాంతంగానే ఉన్నాయి నాకు.

నల్లమెట్లు:
పియానో నేర్పుతాను కాబట్టి ఈ ప్రశ్న నేను అందుకుంటాను తమ్ముడూ.

మామూలుగా పియానిస్టు ఎడమచేత్తో ఒక కార్డ్ (ఒకేసారి మోగించే కొన్ని స్వరాలు) పట్టుకుంటే అన్నిటికంటే కింద దాని మూల స్వరం ఉంటుంది. సి కార్డ్ అయితే అడుగున సి. ఎవాన్స్ చాలాచోట్ల ఆ మూల స్వరాన్ని ఎడమచేతిలోంచి తీసేస్తాడు. మూలం నుంచి లెక్కపెడితే వచ్చే మూడోది, ఏడోది, వాటి పక్కన తొమ్మిదోదో పదమూడోదో పెట్టుకుని పియానో మధ్యభాగంలో దగ్గర దగ్గరగా పట్టుకుంటాడు. మూలం ఎవరు వాయిస్తారు? బేస్. ఇప్పుడు బేసిస్టు ఆ స్వరాన్ని సరిగ్గా సమయానికి వాయిస్తే మీకు కార్డ్ నిండుగా, స్థిరంగా వినిపిస్తుంది. అతను పైకి వెళ్ళిపోయి ఇంకేదో పలికాడనుకోండి, కార్డ్ గాల్లో తేలుతుంది, చెవి ఆ మూలాన్ని ఊహించుకుంటుంది. లఫారో ఉన్నప్పుడు ఆ తేలడం ఎక్కువ. ఇజ్రాయెల్స్ ఉన్నప్పుడు కింద నేల ఉంటుంది.

ఇది ఎక్కడ బాగా తెలుస్తుందంటే మూన్ బీమ్స్ మొదటి ట్రాకు, రీ పర్సన్ ఐ న్యూ. ఎవాన్స్ సొంత ట్యూన్. ఆ పేరులో ఇంగ్లీషు అక్షరాలు అటూ ఇటూ మారిస్తే నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ పేరు వస్తుంది, ఇలాంటివంటే ఎవాన్స్‌కి సరదా. ట్యూన్ ఆధారమంతా కింద పట్టి ఉంచిన ఒక్క సి స్వరం. పైన కార్డ్‌లు మారుతూ ఉంటాయి, ఒకసారి వెలుగొస్తుంది, ఒకసారి మబ్బు పడుతుంది, కింద మాత్రం అదే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నిమిషం కుడిచేతి రాగం మర్చిపోయి బేస్ ఒక్కటే పట్టుకోండి. తర్వాత అదే నిమిషం మళ్ళీ పెట్టి ఎడమచేతిని పట్టుకోండి. పైన కార్డ్ మారిన ప్రతిసారీ కిందున్న ఆ ఒక్క స్వరానికే వేరే అర్థం వస్తుంది. ఈ ట్యూన్‌లో బేస్ నిలకడగా ఉండటం బలహీనత కాదు, ట్యూన్ అడిగిందే అది. కొత్త బేసిస్టుతో చేసే మొదటి ట్రయో ఆల్బమ్‌కి ఎవాన్స్ మొదట్లోనే ఇలాంటిది పెట్టాడు చూశారా. నువ్వు ఎవరిలాగానో వాయించనక్కర్లేదు, ఇక్కడ నిలబడు, మిగతాది నేను చూసుకుంటాను అన్నట్టు ఉంటుంది నాకు.

బేస్‌తీగ:
అక్కా, ఆ ట్రాకు విషయంలో మీతో ఏకీభవిస్తాను, ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చేది కూడా అదే. కానీ ఒక్క ట్రాకు చూపించి మొత్తం ఆల్బమ్‌ని ఒడ్డెక్కిస్తే ఎలా. స్టెయిర్‌వే టు ద స్టార్స్, ఇట్ మైట్ యాజ్ వెల్ బీ స్ప్రింగ్ లాంటివి వినండి. అక్కడ ఎవరైనా మంచి బేసిస్టు ఉన్నా అంతే ఉంటుంది. లఫారో ఉండి ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్న వదలదు నన్ను.

నల్లమెట్లు:
లఫారో ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు, రికార్డు ఉంది. వాల్ట్జ్ ఫర్ డెబీ మొదటి ట్రాకు మై ఫూలిష్ హార్ట్ పెట్టు. పూర్తి బ్యాలడ్. అందులో లఫారో ఏం వాయించాడు? చాలా తక్కువ. ఒక్కో స్వరం వేసి, దాన్ని మోగనిచ్చి, ఆగుతాడు. బేస్ సోలో లేదు. మధ్యలో దూరడం లేదు. మోషియన్ బ్రష్‌లు, సింబల్ మీద చిన్న చప్పుడు, అంతే. లఫారోకి తెలుసు, ఆ వేగంలో బేస్ మాట్లాడితే పాట చెడిపోతుందని. కాబట్టి బ్యాలడ్ల ఆల్బమ్‌లో ఇజ్రాయెల్స్ తక్కువ వాయించాడని తప్పు పట్టడం న్యాయం కాదు. నీ ఫిర్యాదుకి సరైన చోటు హౌ మై హార్ట్ సింగ్స్, అక్కడ వేగం ఉంది, అక్కడ అడుగు.

రెండోవయొలిన్:
నేను కర్ణాటక కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తాను. జాజ్ వినడం మొదలుపెట్టింది ఈ మధ్యే, కానీ ఈ గొడవ నాకు బాగా తెలిసిన గొడవలా ఉంది. ప్రధాన గాయకుడు ఆలాపన చేస్తుంటే వెనకాల వయొలిన్ ఎంత పలకాలి? కొంతమంది ప్రతి సంగతినీ పట్టుకుని వెంటనే తిరిగి చెప్తారు, కచేరీ వేడెక్కుతుంది, జనం చప్పట్లు కొడతారు. కొంతమంది చివరి స్వరం మీద నిలబడి గాయకుడికి జాగా ఇస్తారు. రెండోది చేతకానితనం అనుకుంటారు చాలామంది, నిజానికి అదే కష్టం. కమాను ఒత్తిడి కాస్త పెరిగితే గాయకుడి ఊపిరికి అడ్డం పడతాం.

మూన్ బీమ్స్‌లో నేను పట్టుకున్నది పోల్కా డాట్స్ అండ్ మూన్‌బీమ్స్. ఎవాన్స్ వాక్యం పూర్తి చేసి వదిలేసిన ఖాళీలో ఇజ్రాయెల్స్ దాన్ని పూరించడు. పూరించే సందు ఉంది, వినిపిస్తూనే ఉంది. వదిలేస్తాడు. అంతకు ముందున్న మనిషి ఆ సందులోకి దూరడంలోనే పేరు తెచ్చుకున్నాడని తెలిసి కూడా, అందరూ తనని అతనితోనే పోలుస్తారని తెలిసి కూడా వదిలేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. పక్కవాద్యం వాయించేవాళ్ళకి ఇది టెన్షన్ పెట్టే పరిస్థితి, నిజం.

ఎడిసన్‌ఎన్‌జే:
అందరికీ నమస్కారం. నేనుండేది న్యూజెర్సీలో. ఎవాన్స్ పుట్టిన ప్లెయిన్‌ఫీల్డ్ మా ఊరికి దగ్గరే, 1929 ఆగస్టు 16న పుట్టాడు అక్కడ. విలేజ్ వాన్‌గార్డ్ ఇప్పటికీ ఉంది, మాన్‌హాటన్‌లో సెవెంత్ ఎవెన్యూ సౌత్ మీద. మెట్లు దిగి కిందికి వెళ్ళాలి, చిన్న గది. ఎవరైనా ఇటు వస్తే తప్పకుండా వెళ్ళండి. ఆ 1961 రికార్డుల్లో గ్లాసుల చప్పుడు, జనం మాటలు అంత దగ్గరగా ఎందుకు వినిపిస్తాయో లోపలికి వెళ్ళి కూర్చుంటే అర్థమవుతుంది. బల్లలు దాదాపు వేదికకి ఆనుకునే ఉంటాయి.

అందుకే నాకొకటి అనిపిస్తుంది. మనం వాన్‌గార్డ్ ఆల్బమ్‌లని ప్రేమించేది లఫారో కోసమే కాదు, ఆ గది కోసం కూడా. మూన్ బీమ్స్ స్టూడియోలో చేసింది, చప్పుళ్ళు లేవు, ఎవరూ నవ్వరు, గ్లాసు మోగదు. పోల్చాలంటే 1961 ఫిబ్రవరిలో లఫారోతో స్టూడియోలోనే చేసిన ఎక్స్‌ప్లొరేషన్స్‌తో పోల్చాలి. క్లబ్బు రికార్డుతో పోల్చి స్టూడియో రికార్డులో ప్రాణం లేదంటే అది ఇజ్రాయెల్స్ తప్పా?

ఇంకో ముచ్చట, మూన్ బీమ్స్ అట్ట మీద ఉన్న అమ్మాయి నీకో. అప్పట్లో మోడల్. తర్వాత 1967లో వచ్చిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ మీద పేరుంటుందే, ఆవిడే.

నిద్రపట్టనిశ్రోత:
ఎక్స్‌ప్లొరేషన్స్ పక్కన పెట్టి వినమన్న మాట బాగుంది. విన్నాను. రెండింటికీ ఇప్పుడు తేడా తెలుస్తోంది. ఎక్స్‌ప్లొరేషన్స్‌లో బేస్ ఎక్కడికి వెళ్తుందో తెలియక నేను దాని వెంటే పోతున్నాను, పియానో జారిపోతోంది. మూన్ బీమ్స్‌లో పియానో వెంట పోతున్నాను. ఐ ఫాల్ ఇన్ లవ్ టూ ఈజీలీ మూడు నిమిషాలు కూడా లేదు, దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టాను. ఆయన అసలు పెద్దగా ఏమీ చేయడం లేదు కదా అందులో? పాటని పాటలాగే వాయించి వదిలేశాడు.

గోదారిగట్టు:
అవును, దాదాపు రాగాన్నే వాయించాడు. అంత నేర్పున్న మనిషి వేళ్ళు కట్టేసుకుని పాటని పాటగా వదిలేయడం ఆ ఆల్బమ్‌లో నన్ను పట్టేసిన విషయం. రాగంలో పొడుగు స్వరం వచ్చిన చోట కింద ఒక మధ్య స్వరం మాత్రం కదులుతుంది, పైదీ కిందిదీ కదలవు. మూడో వేలో నాలుగో వేలో ఒక్కటే పని చేస్తోంది. వంద స్వరాలు వాయించినా రాని దిగులు ఆ ఒక్క కదలికలో వస్తుంది.

పాతరికార్డులు:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, ఎత్తాలి. 1962లో ఎవాన్స్ ఇన్ని రికార్డులు ఎందుకు చేశాడు? ఏప్రిల్, మే నెలల్లో అండర్‌కరెంట్, మే, జూన్‌లో ఈ రెండు, జూలైలో ట్రంపెట్ వాయించే ఫ్రెడీ హబ్బర్డ్, జిమ్ హాల్‌తో ఇంటర్‌ప్లే, ఆగస్టులో డ్రమ్మర్ షెలీ మాన్‌తో ఎంపథీ. ఉత్సాహం ఒక్కటే కాదు కారణం. ఆయనకి హెరాయిన్ అలవాటు ఉంది, అప్పులు ఉన్నాయి, డబ్బు అవసరం ఉంది. దీన్ని దాచిపెట్టి కేవలం దుఃఖంలోంచి పుట్టిన సంగీతం అని రాస్తే కథ అందంగా ఉంటుంది గానీ పూర్తిగా ఉండదు. డబ్బు కోసం స్టూడియోకి వెళ్ళిన మనిషి కూడా లోపల కూర్చున్నాక నిజాయితీగా వాయించగలడు, మూన్ బీమ్స్‌లో నాకు వినిపించేది అదే. అలవాటు గురించి నేను తేలిగ్గా మాట్లాడను, 1980 సెప్టెంబరు 15న 51 ఏళ్ళకే పోయాడంటే దాని పాత్ర చాలా ఉంది.

బేస్‌తీగ:
ఇది చెప్పినందుకు థ్యాంక్స్ అండీ. ఆయన జీవితాన్ని ఒక విషాద కావ్యంలా చెప్పుకోవడం నాకూ ఇష్టం ఉండదు.

హౌ మై హార్ట్ సింగ్స్ మొత్తం కూర్చుని విన్నాను, అక్క అడగమన్న చోటే అడిగాను. నా సమాధానం ఇదీ. ఆల్బమ్ పేరే ఉన్న మొదటి ట్యూన్‌లో లెక్క మూడులోంచి నాలుగులోకి మారి మళ్ళీ మూడులోకి వస్తుంది, అక్కడ బేస్ తడబడితే మొత్తం కూలిపోతుంది. ఇజ్రాయెల్స్ ఆ మలుపు ఎంత నున్నగా తిప్పాడంటే మొదటిసారి లెక్క మారినట్టే తెలియలేదు. మోషియన్ కూడా అక్కడ గట్టిగా తోస్తాడు, బ్యాలడ్లలో దాచుకున్నదంతా బయటపెట్టినట్టు. అది గొప్ప బేస్ పని, ఒప్పుకుంటాను. కానీ ముగ్గురూ సమానంగా మాట్లాడే ట్రయో అన్న ఆలోచన మాత్రం లఫారోతోనే ఆగింది, ఈ బ్యాండులో లేదు. ఇక్కడ ఎవాన్స్ నాయకుడు, మిగతా ఇద్దరూ అతనికి చాలా మంచి తోడు. ఆ మాట మీద నేను ఉంటాను.

నల్లమెట్లు:
ఉండు, నీ మాటలో నిజం ఉంది. నేను కాదనేది ఒక్కటే, అది దిగజారడం అని నువ్వు మొదట వాడిన లెక్క. పోలిక కోసం ట్రయో 64 విను, గ్యారీ పీకాక్ బేస్ మీద ఉంటాడు, 1963 డిసెంబరులో చేశారు. అక్కడ మళ్ళీ బేస్ మధ్యలో దూరడం, తోయడం అన్నీ ఉన్నాయి, పీకాక్ అంటే అంతే. కానీ పీకాక్ ఎక్కువ కాలం ఉండలేదు, 64లో మోషియన్ కూడా వెళ్ళిపోయాడు. ఇజ్రాయెల్స్ తిరిగొచ్చి ల్యారీ బంకర్ డ్రమ్స్‌తో ట్రయో 65 చేశాడు, 66 దాకా ఉన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఎడీ గోమెజ్ 11 ఏళ్ళు ఉన్నాడు. అంటే 61 నుంచి 66 దాకా ఈ బ్యాండు మారుతూనే ఉంది, ఆ మార్పుల మధ్య ఎవాన్స్‌కి నిలబడే చోటు ఇచ్చింది ఎక్కువగా ఇజ్రాయెల్సే.

రెండోవయొలిన్:
చివరి ట్రాకు వెరీ ఎర్లీ గురించి ఎవరైనా చెప్తారా? నాకు అది ఆల్బమ్‌లో అతకనట్టు అనిపించింది. మిగతావన్నీ నిదానం, ఇది మాత్రం మూడు లెక్కలో హాయిగా నడుస్తోంది.

గోదారిగట్టు:
అది ఎవాన్స్ కాలేజీ రోజుల్లో, లూజియానాలో చదువుకునేటప్పుడు రాసుకున్న వాల్ట్జ్. స్వరస్థానం ఎక్కడా స్థిరంగా ఉండదు, ఒక కీలో (ఒక ఆధార స్వరం మీద) కూర్చున్నట్టే ఉంటుంది, రెండు బార్లు (రెండు ఆవృత్తాలు) అయ్యేసరికి ఇంకో దాంట్లో ఉంటాడు. పైన రాగం మాత్రం పిల్లలు కూనిరాగం తీసినట్టు సులువుగా ఉంటుంది కాబట్టి ఆ తిరుగుడు తెలియదు. ఇరవై ఏళ్ళప్పుడు రాసుకున్నదాన్ని 32 ఏళ్ళకి ఆల్బమ్ చివర్న పెట్టాడు. వినేటప్పుడు మోషియన్‌ని గమనించండి, ఒకటో లెక్క మీద గట్టిగా కొట్టడు, వాల్ట్జ్ అని చెప్పడానికి కావాల్సినంత మాత్రమే తగిలిస్తాడు.

పాతరికార్డులు:
ఒక సలహా, చేసి చూడండి. రెండు ఆల్బమ్‌లనీ కలిపి ఒక ప్లేలిస్టు పెట్టుకుని, మూన్ బీమ్స్‌లోది ఒకటి, హౌ మై హార్ట్ సింగ్స్‌లోది ఒకటి, ఇలా వినండి. ముందు రీ పర్సన్ ఐ న్యూ, వెంటనే వాకింగ్ అప్, తర్వాత పోల్కా డాట్స్, తర్వాత 34 స్కిడూ. స్టూడియోలో సరిగ్గా ఇదే వరస అని కాదు, కానీ ఆ బ్యాండు నిజంగా ఎలా ఉండేదో దీంట్లో బాగా తెలుస్తుంది. విడివిడిగా వింటే ఒకటి మరీ మెత్తగా, ఇంకోటి మామూలుగా అనిపిస్తాయి. కలిపి వింటే వేగం తర్వాత వచ్చే బ్యాలడ్ బరువు వేరు.

బేస్‌తీగ:
పెట్టాను అలాగే. వాకింగ్ అప్ తర్వాత పోల్కా డాట్స్ మొదలైనప్పుడు బేస్ మొదటి స్వరం ఇంతకుముందు ఎప్పుడూ విననంత పెద్దగా వినిపించింది. ఇప్పుడు ఇట్ మైట్ యాజ్ వెల్ బీ స్ప్రింగ్ దగ్గర ఉన్నాను, అయ్యాక రాస్తా.